ఆఫీసు సిస్టమ్ ఇంటి నుంచి వాడాలంటే: పోర్ట్ ఫార్వర్డింగా, వీపీఎన్నా, టెయిల్‌స్కేలా, ఎనీడెస్కా?

"ఆఫీసులో ట్యాలీ ఉన్న సిస్టమ్ ఇంటి నుంచి వాడుకోవాలి, రౌటర్‌లో 3389 పోర్ట్ ఓపెన్ చేస్తే చాలంటున్నారు, ఎలా చేయాలి?" ట్యాక్స్ కన్సల్టెంట్లు, ఆడిటర్ ఆఫీసుల వాళ్ళు, హోల్‌సేల్ షాపుల వాళ్ళు దాదాపు ఇవే మాటల్లో అడుగుతుంటారు, అదీ 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ గడువు మీద పడుతున్నప్పుడో, జులైలో రిటర్నుల రద్దీలోనో. చేస్తే పని చేస్తుంది, పెద్ద పని కూడా కాదు. అయినా ఆ ఒక్క పద్ధతి మాత్రం వద్దనే చెబుతాను.

పోర్ట్ ఫార్వర్డింగ్‌లోనే ఏదో దోషం ఉందని కాదు. బయటి నుంచి రౌటర్‌కి వచ్చిన కనెక్షన్‌ని లోపల ఫలానా కంప్యూటర్‌కి పంపమని చెప్పడమే అది. ఆ పోర్ట్ వెనక జవాబు చెప్పడానికి ఎవరు కూర్చున్నారన్నదే అసలు సంగతి. విండోస్ లాగిన్ స్క్రీన్ కూర్చుంటే ఒక కథ, వీపీఎన్ (తాళం ఉన్న వాళ్ళకే తెరుచుకునే రహస్య దారి) కూర్చుంటే ఇంకో కథ. చాలా చిన్న ఆఫీసులకైతే అసలు పోర్ట్ తెరవాల్సిన అవసరమే రాదు.

## ముందు ఇవి తేల్చుకోండి

మీకు వచ్చే ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా, ఎలాంటిది? అన్నిటికంటే ముందు ఇదే చూడండి, ఎందుకంటే సగం మంది టెన్షన్ ఇక్కడే తేలిపోతుంది. రౌటర్ పేజీ తెరిచి స్టేటస్‌లో వాన్ ఐపీ అని ఉన్న నంబర్ రాసుకోండి. తర్వాత అదే ఆఫీసు నెట్ మీద బ్రౌజర్‌లో "నా ఐపీ ఏంటి" అని వెతికితే ఒక నంబర్ వస్తుంది. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరగలిగే చిరునామా, ఉన్నట్టు. వేరువేరుగా ఉండి, రౌటర్‌లో కనబడేది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే నంబర్ అయితే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే నెట్ ఇచ్చే వాళ్ళు ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు కలిపి ఇస్తున్నారు, బయటి నుంచి వచ్చే కనెక్షన్ వాళ్ళ దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా మీ దాకా రాదు. కొందరు 10తో మొదలయ్యే నంబర్లు కూడా ఇలాగే వాడతారు. రౌటర్‌లో 192.168తో మొదలయ్యే నంబర్ కనబడితే మాత్రం, నెట్ వాళ్ళు పెట్టిన ఫైబర్ బాక్సే ఒక రౌటర్‌లా పని చేస్తూ, దాని వెనక మీ రౌటర్ రెండోదిగా ఉందని అర్థం. అప్పుడు ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని మీ రౌటర్‌కి నేరుగా అందించేలా) పెట్టమని అడగాలి, లేదంటే రెండు చోట్లా రూల్ రాయాలి.

సీజీనాట్ ఉంటే దారులు రెండే: నెలకో ఏడాదికో అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని పబ్లిక్ ఐపీ, తీసుకోవడం, లేదా పోర్ట్ అవసరం లేని పద్ధతికి వెళ్ళడం.

ఆఫీసు సిస్టమ్‌లో ఉన్నది ఏ విండోస్? విండోస్ హోమ్ అయితే దానిలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు విండోస్‌లోనే ఉన్న ఏర్పాటు) రాలేరు, ప్రో కావాలి. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ హోమ్ అయినా ఫర్వాలేదు, వెళ్ళే వైపు ఏదైనా సరే. అలాగే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్‌డేట్లు రాని సిస్టమ్‌ని బయటి నెట్‌కి చూపించే ఏ పద్ధతీ మంచిది కాదు.

ఆ సిస్టమ్ ముందు అప్పటికే ఎవరైనా కూర్చుని ఉంటారా? మామూలు విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్, అదే ఆర్‌డీపీ, ఒకసారికి ఒక్కరినే అనుమతిస్తుంది. మీరు ఇంటి నుంచి లాగిన్ కాగానే ఆఫీసులో మానిటర్ లాక్ స్క్రీన్‌కి వెళ్ళిపోతుంది, అక్కడున్న అబ్బాయి మళ్ళీ లాగిన్ అయితే మీది ఊడిపోతుంది. పగటిపూట ఇద్దరూ వాడాల్సిన సిస్టమ్ అయితే ఇది పెద్ద తలనొప్పి. అదే రాత్రిపూట క్లయింట్ల బ్యాలెన్స్ షీట్లు తెరిచినప్పుడు, ఆఫీసులో ఉన్న స్క్రీన్ మీద ఎవరికీ ఏమీ కనబడకపోవడం మేలే. ఎనీడెస్క్ లాంటివి దీనికి వ్యతిరేకం, మీరు చేసేదంతా మామూలుగా అక్కడి మానిటర్ మీద కూడా కనబడుతూనే ఉంటుంది.

డిజిటల్ సిగ్నేచర్ ఎక్కడి నుంచి చేస్తారు? చాలామంది అన్నీ సెట్ చేసుకున్నాక చివర్లో చిక్కుకునేది ఇక్కడే. ఆఫీసు సిస్టమ్‌కి డీఎస్‌సీ టోకెన్ (డిజిటల్ సిగ్నేచర్ ఉండే యూఎస్‌బీ పరికరం) గుచ్చేసి ఇంటికి వెళ్ళి, ఆర్‌డీపీతో లాగిన్ అయి సైన్ చేద్దామంటే టోకెన్ కనబడదు. టోకెన్ పాడైందనుకుని డ్రైవర్ నాలుగుసార్లు వేసుకుంటారు, అయినా రాదు. ఆర్‌డీపీ సెషన్‌లో విండోస్ స్మార్ట్ కార్డుల కోసం వెతికేది మీ చేతి కిందున్న కంప్యూటర్‌లో, అవతలి కంప్యూటర్‌లో కాదు. కాబట్టి టోకెన్ మీ వెంట ఇంటికి తీసుకెళ్ళాలి. ల్యాప్‌టాప్‌కి గుచ్చి, రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి, లోకల్ రిసోర్సెస్ ట్యాబ్‌లో మోర్ నొక్కి, స్మార్ట్ కార్డ్స్ దగ్గర టిక్ ఉందో లేదో చూసి కనెక్ట్ అవ్వాలి. టోకెన్ డ్రైవర్ రెండు సిస్టమ్‌లలోనూ వేయండి. టోకెన్ ఆఫీసులోనే ఉండాలంటే మాత్రం ఎనీడెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటివే దారి, అవి అక్కడి స్క్రీన్‌నే మీకు చూపిస్తాయి కాబట్టి అక్కడ గుచ్చినది మామూలుగానే పని చేస్తుంది. కానీ క్లయింట్ల సంతకాలు రాత్రింబవళ్ళు సిస్టమ్‌కి గుచ్చి ఉంచడం నాకు అస్సలు నచ్చదు.

## 1. ఆర్‌డీపీ పోర్ట్‌ని నేరుగా తెరవడం

చేసే విధానం తెలిసిందే. ఆఫీసు సిస్టమ్‌కి రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి లోపలి ఐపీ మారకుండా చూస్తారు, పోర్ట్ ఫార్వర్డింగ్ లేదా వర్చువల్ సర్వర్ అనే మెనూలో ఆర్‌డీపీ వాడే 3389 టీసీపీని ఆ ఐపీకి పంపుతారు, పబ్లిక్ ఐపీ మారుతూ ఉంటే ఒక డైనమిక్ డీఎన్ఎస్ పేరు పెట్టుకుంటారు. కొత్త యాప్ ఏదీ వేయనక్కర్లేదు, ఎవరికీ నెలనెలా కట్టనక్కర్లేదు, వేగం కూడా బాగుంటుంది. దీన్ని ఇష్టపడే వాళ్ళు చెప్పే మాటలివి, అవన్నీ నిజమే.

కానీ ఇంటర్నెట్‌లో ఉన్న ఐపీలన్నిటినీ వరసపెట్టి తట్టి చూసే ప్రోగ్రామ్‌లు నిరంతరం తిరుగుతుంటాయి. మీ ఆఫీసు చిన్నదా పెద్దదా అని వాటికి తెలియదు, ఎవరు దొరికితే వాళ్ళే. తెరిచిన సిస్టమ్‌లో ఈవెంట్ వ్యూయర్‌కి వెళ్ళి సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబర్‌తో ఫిల్టర్ చేసి చూడండి, అవి విఫలమైన లాగిన్లు. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, టెస్ట్ అంటూ పేర్లు మార్చి మార్చి ప్రయత్నించిన వరసలు కనబడతాయి. మీ స్టాఫ్ పాస్‌వర్డ్ ఆఫీసు పేరు, పక్కన 123 అయితే అది ఎంత సేపు ఆగుతుందో మీరే ఆలోచించండి. లోపలికి వచ్చిన వాడు మామూలుగా చేసే పని ర్యాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్ళకు తాళం వేసే ప్రోగ్రామ్) వేసి డేటా ఫోల్డర్ మొత్తం తాళం వేయడం, ముందుగా అదే సిస్టమ్‌కి తగిలించి ఉన్న బ్యాకప్ హార్డ్ డిస్క్‌తో సహా.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టినా సరిపోని రోజులు ఉంటాయి. 2019 మేలో విండోస్ 7, అంతకంటే పాత విండోస్‌లలో బయటపడిన బ్లూకీప్ అనే లోపానికి పాస్‌వర్డ్‌తోనే పని లేదు, ఆర్‌డీపీ పోర్ట్ బయటికి తెరిచి ఉంటే చాలు. అప్పటికే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చిందంటే ప్రమాదం ఎంతదో అర్థం చేసుకోవచ్చు.

3389 బదులు బయట 45210 లాంటి నంబర్ పెడితే దొరకం కదా అంటారు. తట్టే వాళ్ళ సంఖ్య తగ్గుతుంది, అంతే. ఏ నంబర్ మీద ఉన్నా, మాట కలపగానే అది ఆర్‌డీపీ అని తెలిసిపోతుంది. పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే పది నిమిషాలు అకౌంట్ లాక్ అయ్యే ఏర్పాటు విండోస్ 11 22హెచ్2 నుంచి మొదటి నుంచే ఆన్‌లో వస్తోంది, అది మంచిదే. కాకపోతే ఎవడో మీ యూజర్‌నేమ్‌తో గుద్దుతూనే ఉంటే లాక్ అయ్యేది మీ అకౌంటే, గడువు రాత్రి మీరే లోపలికి వెళ్ళలేరు.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఒప్పుకుంటాను. మీరు వచ్చేది ఎప్పుడూ ఒకే స్టాటిక్ ఐపీ ఉన్న చోటి నుంచి, అంటే ఉదాహరణకి గుంటూరు బ్రాంచ్ నుంచి విజయవాడ ఆఫీసుకి అయితే, విండోస్ ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రూల్ తెరిచి స్కోప్ ట్యాబ్‌లో ఆ ఒక్క ఐపీనే రాయండి. మిగతా లోకానికి అది జవాబు చెప్పదు. ఇంటి నుంచి, ఫోన్ నెట్ నుంచి వచ్చే వాళ్ళకు ఇది కుదరదు.

ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్‌ని అయితే ఏ కారణానికీ తెరవొద్దు. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకింది ఆ పోర్ట్ ద్వారానే, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. రౌటర్‌లో డీఎంజెడ్ అని ఉండే ఆప్షన్ కూడా ముట్టుకోవద్దు, అది ఒక సిస్టమ్‌కి అన్ని పోర్టులూ ఒకేసారి తెరిచేస్తుంది.

## 2. మీ సొంత వీపీఎన్, ఒక్క పోర్ట్‌తో

పబ్లిక్ ఐపీ ఉండి, కొంచెం చేయి తిరిగిన మనిషి దగ్గరుంటే నాకు బాగా నచ్చే పద్ధతి ఇది. ఇక్కడ కూడా పోర్ట్ ఫార్వర్డింగ్ ఉంటుంది, కాకపోతే తెరిచేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ కోసం ఒక్క యూడీపీ పోర్ట్, మామూలుగా 51820. సరైన కీ లేని వాళ్ళు తడితే వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు, తట్టిన వాడికి అక్కడ ఏదైనా ఉందో లేదో కూడా తెలియదు. లాగిన్ స్క్రీన్ ఉండదు కాబట్టి పాస్‌వర్డ్ ఊహించే ఆటే ఉండదు. ముందు వీపీఎన్ కలిపి, ఆ తర్వాత లోపలి ఐపీకి ఆర్‌డీపీ చేస్తారు, ఆఫీసులో కూర్చుని చేసినట్టే.

వైర్‌గార్డ్ రౌటర్‌లోనే ఉంటే మేలు. మైక్రోటిక్‌లో రౌటర్ ఓఎస్ 7 నుంచి ఉంది, ఆసుస్, టీపీ-లింక్‌లలో కొన్ని మోడళ్ళలో వస్తుంది, కొనేముందు మీ మోడల్ పేజీలో చూసుకోండి. రౌటరే వీపీఎన్ సర్వర్ అయితే ఫార్వర్డింగ్ రూల్ కూడా అక్కర్లేదు. రౌటర్‌లో పీపీటీపీ అనే ఆప్షన్ కనబడి సులువుగా ఉందని పెట్టేయకండి, దాని భద్రత విరిగిపోయి ఏళ్ళయింది. ఓపెన్‌వీపీఎన్ ఉంటే వాడుకోవచ్చు, కాస్త నెమ్మది, సెటప్ కాస్త పొడవు.

ఇందులో అందరూ తగులుకునే ఒక చిన్న రాయి ఉంది. ఆఫీసులో లోపలి ఐపీలు 192.168.1తో మొదలై, ఇంట్లోనూ 192.168.1 అయితే, వీపీఎన్ కలుస్తుంది కానీ సిస్టమ్ దొరకదు. 192.168.1.20 అంటే ఇంట్లోదా ఆఫీసుదా అన్నది ల్యాప్‌టాప్‌కి తేలదు, ఇంట్లోనే వెతుక్కుంటుంది. ఆఫీసు నెట్‌వర్క్‌ని ముందే 192.168.57 లాంటి ఎవరూ వాడని వరసకి మార్చండి. ప్రింటర్లకు, బిల్లింగ్ కౌంటర్లకు చేత్తో రాసిన ఐపీలు ఉంటే అవీ మార్చాలి కాబట్టి ఆదివారం పెట్టుకోండి.

వీపీఎన్ కలిసింది కదా అని ఆఫీసులోని ట్యాలీ డేటా ఫోల్డర్‌ని ఇంటి ల్యాప్‌టాప్‌లో ఉన్న ట్యాలీతో తెరవొద్దు. నత్తనడకన నడుస్తుంది, ఎంట్రీ మధ్యలో నెట్ పోతే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ట్యాలీ ఆఫీసులోనే నడవాలి, మీ దగ్గరికి దాని స్క్రీన్ మాత్రమే రావాలి.

## 3. టెయిల్‌స్కేల్ లాంటివి

సీజీనాట్ వెనక ఉన్న ఆఫీసులకు నేను మొదట చెప్పేది ఇదే. లోపల వాడేది వైర్‌గార్డే. తేడా ఏంటంటే రెండు సిస్టమ్‌లూ తమంతట తామే బయటికి వెళ్ళి, టెయిల్‌స్కేల్ సర్వర్ దగ్గర ఒకరి ఆచూకీ ఒకరు తెలుసుకుని నేరుగా కలుస్తాయి. రౌటర్‌లో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. నేరుగా కలవడం కుదరనప్పుడు వాళ్ళ రిలే సర్వర్ ద్వారా వెళ్తుంది, అప్పుడు కొంచెం నెమ్మదిస్తుంది కానీ ట్యాలీకి, ఎక్సెల్‌కి సరిపోతుంది. ప్రతి సిస్టమ్‌కి 100తో మొదలయ్యే ఒక ఐపీ వస్తుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ ఐపీ కొడితే చాలు.

రెండు సెట్టింగులు మర్చిపోతే మాత్రం గడువు రోజున ఏడిపిస్తుంది. ఆఫీసు సిస్టమ్‌లో రన్ అన్‌అటెండెడ్ ఆన్ చేయండి, లేదంటే కరెంటు పోయి వచ్చి సిస్టమ్ రీస్టార్ట్ అయినప్పుడు ఎవరో ఒకరు అక్కడ లాగిన్ అయ్యేదాకా టెయిల్‌స్కేల్ కలవదు. రెండోది కీ గడువు. మామూలుగా 180 రోజులకు మళ్ళీ లాగిన్ అడుగుతుంది, ఆఫీసు సిస్టమ్ వరకు అడ్మిన్ పేజీలో కీ ఎక్స్‌పైరీ ఆపేయండి.

లోటు ఏంటంటే ఎవరు లోపలికి రావచ్చో నిర్ణయించే తాళం వేరే కంపెనీ దగ్గర, మీ గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్‌కి రెండంచెల వెరిఫికేషన్ పెట్టకపోతే ఇంత చేసీ తలుపు తీసి పెట్టినట్టే. ఉచిత ప్లాన్ సొంత వాడకానికి ఉద్దేశించినది, స్టాఫ్‌తో కలిసి వ్యాపారానికి వాడేటప్పుడు డబ్బు కట్టే ప్లాన్లు చూడండి. జీరోటియర్ కూడా ఇదే కోవలోది.

## 4. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, రస్ట్‌డెస్క్

ఐదు నిమిషాల్లో అయిపోతుంది, విండోస్ హోమ్ అయినా సరే, సీజీనాట్ అయినా సరే. డీఎస్‌సీ ఆఫీసులోనే ఉంచాల్సిన వాళ్ళకి దాదాపు ఇదొక్కటే దారి.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ఉచితం అన్నది సొంత వాడకానికే. ఆఫీసు పనికి వాడితే వ్యాపార వాడకంగా గుర్తించి సెషన్లు మధ్యలో కట్ చేస్తాయి, సరిగ్గా చలాన్ కట్టేటప్పుడు అలా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? వాడేట్టయితే లైసెన్స్ కొనండి. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఉచితం, గూగుల్ అకౌంట్, కనీసం ఆరంకెల పిన్ చాలు, ఫైళ్ళు ప్రింట్లు పంపుకోవడంలో మాత్రం ఆర్‌డీపీ అంత సౌకర్యం ఉండదు. రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్, సర్వర్ మీరే పెట్టుకోవచ్చు, కానీ అంత ఓపిక ఉన్న వాళ్ళు రెండో పద్ధతికే వెళ్ళడం మంచిది.

2024 ఫిబ్రవరిలో తమ సర్వర్లలోకి చొరబాటు జరిగిందని ఎనీడెస్క్ స్వయంగా ప్రకటించింది. అలాంటి రోజున మీరు చేయగలిగేది పాస్‌వర్డ్ మార్చి, అప్‌డేట్ చేయడమే. ఇంకో మాట, ఇలాంటి యాప్ వేయించి యూపీఐ డబ్బులు కొట్టేసే మోసాల గురించి 2019 ఫిబ్రవరిలోనే ఆర్‌బీఐ బ్యాంకులను హెచ్చరించింది. స్టాఫ్‌కి ఒకటే చెప్పండి: ఫోన్ చేసి ఎనీడెస్క్ నంబర్ అడిగిన వాళ్ళు ఎవరైనా సరే, బ్యాంకు అన్నా, సాఫ్ట్‌వేర్ కంపెనీ అన్నా, ఇవ్వొద్దు.

## ఒక్క చూపులో

| | పబ్లిక్ ఐపీ కావాలా | బయటికి కనబడేది | ఆఫీసులో గుచ్చిన డీఎస్‌సీ | ఎవరి మీద ఆధారం |
|---|---|---|---|---|
| నేరుగా ఆర్‌డీపీ | కావాలి | విండోస్ లాగిన్ | కనబడదు | మీ పాస్‌వర్డ్, విండోస్ ప్యాచ్‌లు |
| వైర్‌గార్డ్ + ఆర్‌డీపీ | కావాలి | ఏమీ లేదు | కనబడదు | మీ రౌటర్, సెటప్ చేసిన మనిషి |
| టెయిల్‌స్కేల్ + ఆర్‌డీపీ | అక్కర్లేదు | ఏమీ లేదు | కనబడదు | టెయిల్‌స్కేల్, మీ మెయిల్ అకౌంట్ |
| ఎనీడెస్క్ వగైరా | అక్కర్లేదు | యాప్ ఐడీ | పని చేస్తుంది | ఆ యాప్ కంపెనీ |

## మీరు ఎవరైతే ఏది

ఒక్కరే ప్రాక్టీస్ చేసుకుంటూ, ఒకటే సిస్టమ్, మామూలు ఇంటి కనెక్షనే ఆఫీసులోనూ ఉంటే టెయిల్‌స్కేల్ వేసి, విండోస్‌ని ప్రోకి మార్చుకుని, డీఎస్‌సీ జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళండి. స్టాటిక్ ఐపీకి డబ్బు దండగ.

ఐదారుగురు స్టాఫ్ ఉండి, ఎవరి సిస్టమ్‌కి వాళ్ళు ఇంటి నుంచి రావాలంటే, ఇప్పటికే స్టాటిక్ ఐపీ ఉంటే వైర్‌గార్డ్ ఉన్న రౌటర్ కొనండి. ఒకసారి ఖర్చు, తర్వాత నెలనెలా ఏమీ లేదు. కానీ అది సెటప్ చేసే మనిషి రేపు ఫోన్ ఎత్తుతాడా అన్నది ముందే చూసుకోండి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్, కాన్ఫిగరేషన్ బ్యాకప్ మీ దగ్గర కూడా ఉండాలి. అలాంటి మనిషి లేకపోతే ఇక్కడ కూడా టెయిల్‌స్కేలే, డబ్బు కట్టే ప్లాన్‌తో.

షాపు ఓనర్‌గా ఈరోజు అమ్మకాలు, స్టాకు చూసుకుంటే చాలనుకునే వాళ్ళకి మొత్తం కంప్యూటర్ తెరవాల్సిన పనే లేదు. ట్యాలీప్రైమ్‌లోనే రిమోట్ యాక్సెస్ ఉంది, బ్రౌజర్‌లో రిపోర్టులు చూసే వీలుంది, టీఎస్ఎస్ (ట్యాలీ సబ్‌స్క్రిప్షన్) చెల్లుబాటులో ఉండాలి. ముందు అది ప్రయత్నించండి.

అమెరికాలో కూర్చుని ఇక్కడ నాన్నగారి షాపు సిస్టమ్ సరి చేసి పెట్టే వాళ్ళకి ఆ పక్కన ఆయన కూడా స్క్రీన్ చూస్తూ ఉండాలి, "ఇక్కడ నొక్కండి నాన్నా" అని చూపించాలి. దానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాపే హాయి, ఆర్‌డీపీ పనికిరాదు.

## ఏది పెట్టినా చూసుకోవాల్సినవి

కరెంటు సంగతి మర్చిపోకండి. బయోస్‌లో కరెంటు పోయి వచ్చాక తనే ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. విండోస్‌లో స్లీప్ ఆపేయండి. సిస్టమ్‌కి యూపీఎస్ పెట్టి రౌటర్‌కీ ఫైబర్ బాక్స్‌కీ పెట్టకపోతే ఉపయోగం లేదు, సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, మీరు మాత్రం బయటే ఉంటారు.

పరీక్ష ఆఫీసు వైఫై మీద కూర్చుని చేయొద్దు. లోపలి నుంచి బయటి ఐపీకి వెళ్ళి తిరిగి లోపలికి రావడాన్ని చాలా రౌటర్లు ఒప్పుకోవు, బాగానే ఉన్నది కూడా పని చేయనట్టు కనబడుతుంది. ఫోన్‌లో మొబైల్ డేటా హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌తో చూడండి.

కొత్తది కుదిరాక రౌటర్‌లో పాత 3389 రూల్ తీసేయండి, యూపీఎన్‌పీ (లోపలి పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే ఏర్పాటు) ఆపేయండి, సీసీటీవీ వాళ్ళు డీవీఆర్ కోసం ఎప్పుడో తెరిచి వదిలేసిన పోర్టులు ఉంటే అవీ మూసేయండి. బ్యాకప్ ఒకటి ఎప్పుడూ సిస్టమ్‌కి తగిలించకుండా విడిగా ఉండాలి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ సాయంత్రమే వాళ్ళ వైర్‌గార్డ్ కీ గానీ, టెయిల్‌స్కేల్ డివైస్ గానీ తొలగించండి, ఎనీడెస్క్ అయితే అన్‌అటెండెడ్ పాస్‌వర్డ్ మార్చండి.